కెమెరా సంచీలో ఏమేమి ఉండాలి?

వేసవి సెలవులు వచ్చాయంటే చాలు, మైదానాలలో ఉన్నవాళ్ళకు అరకులోయ గుర్తుకు వస్తుంది. పిల్లలూ, మీలో కొందరికి ఈపాటికి రైలు టిక్కెట్లు కూడా దొరికి ఉంటాయి. నాన్నగారి డిజిటల్ కెమెరా బీరువాలో నుంచి బయటికి వచ్చి బల్ల మీద కూచుని ఉంటుంది. కెమెరా లేనివాళ్ళు విచారపడనక్కరలేదు. ఇంట్లో ఉన్న సెల్‌ఫోనులోనే ఒక చిన్న కెమెరా ఉన్నది గదా! నేను చెప్పబోయే సంగతులలో చాలాభాగం రెండింటికీ వర్తిస్తాయి.

ఇక సంచీ సర్దుకోవాలి. ఈ పనిలో రెండు రకాల మనుషులున్నారు. ఒక రకంవాళ్ళు కెమెరాను తువ్వాలులో చుట్టి బట్టల మధ్య కుక్కి, "ఇక పదండి" అంటారు. రెండో రకంవాళ్ళు దుకాణంలో కనిపించిందల్లా కొని, మూడుకాళ్ళ స్టాండు ఒక భుజాన, నాలుగు కటకాలు ఇంకో భుజాన వేసుకొని, కొండ ఎక్కలేక ఆయాసపడుతూ ఉంటారు. రెండో రకంవాళ్ళను చూస్తే నాకు జాలి. ఏ వస్తువును ఎందుకు పట్టుకుపోతున్నామో తెలిస్తే సంచీ దానంతట అదే తేలికవుతుంది. అందుచేత మనము విశాఖపట్నం నుంచి డుంబ్రిగుడ దాకా దారి వెంట పోతూ, ఎక్కడ ఏమి అవసరపడుతుందో చూద్దాము.

డుంబ్రిగుడ ఎక్కడున్నదంటారా? అల్లూరి సీతారామరాజు జిల్లాలో అదొక మండలకేంద్రం. అరకు నుంచి పాడేరు పోయే రోడ్డు మీద పదిపన్నెండు కిలోమీటర్లు పోతే వస్తుంది. మీరంతా చూడాలని ఉబలాటపడే చాపరాయి జలధార ఆ మండలంలోదే. నేను ఆ చుట్టుపక్కల బడులలో చాలా ఏళ్ళు పనిచేశాను.

ముందు కెమెరా సంగతి కొంచెం తెలుసుకొందాము. డిజిటల్ కెమెరాలో ఫిల్ము ఉండదు. మరి బొమ్మ దేని మీద పడుతుంది? కటకం వెనుక ఒక చిన్న పలక ఉంటుంది. కొన్ని కెమెరాలలో అది తపాలా బిళ్ళంత. సెల్‌ఫోనులో చిటికెనవేలి గోరంత. ఆ పలక మీద కంటికి కనిపించని గళ్ళు లక్షల కొద్దీ ఉంటాయి. ఏ గడి మీద ఎంత వెలుగు పడితే ఆ గడిలో అంత విద్యుత్తు పుడుతుంది. దానిని కెమెరా అంకెలుగా రాసుకొంటుంది. ఆ అంకెల పట్టికే మన ఫోటో! 1975లో అమెరికాలో కోడక్ కంపెనీ ఇంజనీరు స్టీవెన్ శాసన్ ఇటువంటి కెమెరాను మొట్టమొదట తయారుచేశాడు. అది మూడున్నర కిలోలకు పైగా తూగేది. దాని పలకలో గళ్ళు 10,000 మాత్రమే. ఒక్క ఫోటోను క్యాసెట్ టేపు మీదికి ఎక్కించడానికి 23 సెకన్లు పట్టేది. ఈనాడు మీ ఇంట్లో ఉన్న కెమెరాలో కోటికి తక్కువ గళ్ళు ఉండవు.

ఇంత సున్నితమైన యంత్రానికి విశాఖపట్నంలోనే మొదటి చిక్కు వస్తుంది. రాత్రి మీరు ఏ.సి. గదిలో పడుకొన్నారనుకోండి. కెమెరా కూడా మీతోపాటు చల్లగా పడుకొన్నది. తెల్లవారి దానిని పట్టుకొని గబగబా సముద్రపు ఒడ్డుకు పోతే, కటకం మీద పొగమంచు పట్టినట్టు తెల్లగా కమ్ముకొంటుంది. ఎందువల్ల? కుండలోని చల్లని నీళ్ళు గ్లాసులో పోస్తే గ్లాసు బయట చెమటలు పోస్తాయి, మీరు చూసే ఉంటారు. ఆ నీరు గ్లాసులోనుంచి కారినది కాదు, గాలిలోనిది. సముద్రతీరపు గాలిలో నీటి ఆవిరి జాస్తి. చల్లని వస్తువు తగలగానే ఆ ఆవిరి నీరుగా మారుతుంది. కటకం పైన అయితే తుడుచుకోవచ్చును. లోపల చేరితే ఎవరు తుడుస్తారు?

దీనికి మందు కాణీ ఖర్చు లేనిది. పప్పులో ఉప్పులో వచ్చే, నోరు గట్టిగా మూసుకొనే ప్లాస్టిక్ కవరు ఒకటి శుభ్రంగా కడిగి ఆరబెట్టి సంచీలో పెట్టుకోండి. చల్లని చోటు నుంచి బయటికి వచ్చే ముందే కెమెరాను అందులో పెట్టి మూసివేయండి. చెమట కవరు మీద పడుతుంది, కెమెరా మీద పడదు. అరగంటలో కెమెరా బయటి గాలితో సమానంగా వెచ్చబడుతుంది. అప్పుడు తీయండి. కొత్త చెప్పుల డబ్బాలోను, మందుసీసాలోను చిన్న పొట్లాలు వస్తాయే, సిలికా జెల్ అని వాటి మీద రాసి ఉంటుంది. వాటిని పారేయకుండా రెండు ఆ కవరులో వేసి ఉంచండి. అవి తేమను పీల్చుకొంటాయి. తినే వస్తువులు కావు సుమా! ఇంట్లో పసివాళ్ళుంటే వాళ్ళకు అందకుండా పెట్టాలి.

రైలు పొద్దున్నే బయలుదేరుతుంది. బైలడిల గనుల ఇనుప రాయిని విశాఖ రేవుకు తెచ్చి, జపాను దేశానికి ఎగుమతి చేయడం కోసం 1960ల్లో ఈ మార్గాన్ని వేశారు. 50కి పైగా సొరంగాలు తొలిచారు. 2017 నుంచి ఈ మార్గంలో అద్దాల పెట్టె ఒకటి నడుస్తున్నది. దాని పైకప్పులోనూ అద్దాలే. అందులో కూచున్నవాళ్ళు ఫోటో తీస్తే కొండకు బదులు తమ ముఖమే కనిపిస్తుంది! అద్దంలో మన నీడ పడడమే కారణం. కటకాన్ని అద్దానికి దగ్గరగా ఆనించి, చుట్టూ నల్లని గుడ్డ కప్పితే నీడ పోతుంది. అమ్మ ముదురురంగు చున్నీ అయినా చాలు.

మామూలు పెట్టెలో కిటికీకి ఊచలుంటాయి. కెమెరా పట్టెడ మెడలో వేసుకోనిదే కిటికీ దగ్గరికి పోవద్దు. సెల్‌ఫోనుకు కూడా ఒక తాడు కట్టి మణికట్టుకు తగిలించుకోండి. చెయ్యి మాత్రం ఊచలు దాటి బయటికి పోకూడదు. సొరంగం గోడ ఎంత దగ్గరగా ఉంటుందో చీకట్లో తెలియదు. పెద్దలకు మనవి: పిల్లలు ఫోటో తీస్తున్నంతసేపు వాళ్ళ నడుము మీద మీ చెయ్యి ఉండాలి. ఫోటో బాగా వచ్చిందా లేదా అన్నది తరువాతి మాట.

బొర్రా గుహల దగ్గర దిగుతారు. సున్నపురాతి కొండను నీరు వేల సంవత్సరాలుగా కరిగించి చేసిన గుహలివి. పైకప్పు నుంచి చుక్క చుక్కగా జారే నీటిలోని సున్నం గట్టిపడి ఊడల మాదిరి కిందికి వేలాడుతుంది. కింద పడిన చుక్కలు గట్టిపడి పుట్టల మాదిరి పైకి లేస్తాయి. ఇక్కడ ఒక తమాషా చూస్తాను నేను. ప్రతివాళ్ళూ కెమెరా ఎత్తి ఫ్లాష్ వెలిగిస్తారు. ఫోటోలో ముందున్న మనిషి తెల్లగా సున్నం కొట్టినట్టు, వెనుక గుహ అంతా కాటుక పూసినట్టు వస్తుంది. "కెమెరా మంచిది కాదు" అని విసుక్కొంటారు. పాపం, కెమెరా ఏం చేస్తుంది? దూరం రెట్టింపయితే వెలుగు సగం కాదు, నాలుగోవంతు అవుతుంది. మూడురెట్లయితే తొమ్మిదోవంతే. రెండు మీటర్ల దూరాన నిలబడ్డ అన్నయ్య మీద పడే వెలుగుతో పోలిస్తే, ఎనిమిది మీటర్ల దూరాన ఉన్న గోడ మీద పదహారోవంతు పడుతుంది. లెక్క మీరే చేసి చూడండి. పైగా గుహలో నిద్రపోయే గబ్బిలాలకు ఆ మెరుపు చికాకు.

గుహలో ఫ్లాష్ ఆర్పివేయాలి. కెమెరా కన్ను ఎక్కువసేపు, ఒక సెకనో రెండు సెకన్లో, తెరుచుకొని ఉండేటట్టు చేయాలి. ఆ కాస్త సేపూ కెమెరా కదలకూడదు. మన చెయ్యి ఎంత బిగబట్టినా వణుకుతుంది. అందుకే పెద్దవాళ్ళు మూడుకాళ్ళ స్టాండు మోస్తారు. మనకు అక్కరలేదు. జానెడు పొడవు గుడ్డసంచీ ఒకటి కుట్టి, అందులో ముప్పాతిక వంతు చోళ్ళు పోసి, మూతి కుట్టేయండి. రాగులనే మా ఉత్తరాంధ్రలో చోళ్ళంటాము. ఆ సంచీని ఇనుప కమ్మీ మీద గాని, మెట్టు మీద గాని పెట్టి, దాని మీద కెమెరాను అదిమి కూచోబెడితే కోడి గూట్లో కూచున్నట్టు కుదురుగా ఉంటుంది. తరువాత రెండు సెకన్లు ఆగి తీసే మీట ఒకటి ప్రతి కెమెరాలోను ఉంటుంది; దానిని నొక్కి చెయ్యి తీసేయండి. బియ్యమైనా పనికి వస్తాయి కాని, చోళ్ళు సన్నగా గుండ్రంగా ఉండి కెమెరా అడుగుకు చక్కగా సర్దుకొంటాయి. అయితే గుహలోని సున్నపు ఊడల మీద మాత్రం సంచీ పెట్టవద్దు, చెయ్యి కూడా వేయవద్దు. మన చేతి జిడ్డు అంటుకొన్నచోట కొత్త సున్నం పేరుకోదు.

మళ్ళీ రైలెక్కితే శిమిలిగూడ స్టేషను వస్తుంది. సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తు! బ్రాడ్‌గేజి స్టేషన్లలో దేశం మొత్తం మీద అదే ఎత్తయినదని ఒకప్పుడు ప్రసిద్ధి. అక్కడి నుంచి కాస్త దిగితే అరకు, సుమారు 900 మీటర్లు. వెయ్యి మీటర్లు పైకి పోతే గాలి సుమారు ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది. అందువల్లనే విశాఖలో చెమటలు కక్కే వేళ అరకులో గాలి హాయిగా ఉంటుంది.

కాని గాలి చల్లగా ఉన్నదని ఎండను నమ్మవద్దు. చాపరాయి దగ్గర మిట్టమధ్యాహ్నం రాయి మీద చెయ్యి వేసి చూడండి, తెలుస్తుంది. కెమెరాలు సామాన్యంగా 40 డిగ్రీల వేడి దాకా పనిచేసేటట్టు తయారవుతాయి. ఎండలో తలుపులు మూసి ఉంచిన కారులో వేడి అంతకు ఎంతో మించిపోతుంది. దాని లోపలి లిథియం బ్యాటరీకి వేడి గిట్టదు; త్వరగా ముసలిదైపోతుంది, ఒక్కొక్కప్పుడు ఉబ్బిపోతుంది కూడా. కెమెరా సంచీలు నూటికి తొంభై నల్లనివే ఎందుకు చేస్తారో నాకు అర్థం కాదు. నలుపు ఎండను మింగుతుంది. ఒక తెల్లని తువ్వాలు సంచీ మీద కప్పి, నీడలో పెట్టండి. మంచినీళ్ళ సీసాను మాత్రం ఆ సంచీలోనే కుక్కవద్దు, దానికి వేరే చోటు చూడండి.

బ్యాటరీలు రెండు ఉండాలి. వేసవి సాయంకాలాలలో కొండల మీద ఉరుములతో గాలివాన వస్తే కరెంటు పోవడం మామూలే. కరెంటు ఉన్నప్పుడే నింపుకోవాలి. రెండో బ్యాటరీని చిల్లర డబ్బులతోను, తాళంచెవులతోను కలిపి జేబులో వేసుకొనే అలవాటు కొందరికి ఉన్నది. అది ప్రమాదం. ఇనుపముక్క బ్యాటరీ రెండు కొసలనూ కలిపితే నిప్పు పుట్టవచ్చును. దానికొక చిన్న డబ్బా వేరే ఉండాలి. ఫోటోలు దాచుకొనే కార్డు కూడా పెద్దది ఒకటి కన్న చిన్నవి రెండు మేలు. ఒకటి పోయినా సగం యాత్ర మిగులుతుంది. 32 జి.బి. కార్డులో మామూలు ఫోటోలు దాదాపు 6,000 పడతాయి. మా చిన్నతనంలో ఫిల్ము చుట్ట ఒకటి కొంటే చతురస్రపు ఫోటోలు 12 వచ్చేవి. పన్నెండూ అయిపోతాయన్న భయంతో ఒక్కొక్కటీ ఆలోచించి తీసేవాళ్ళము. ఆ భయం మంచిదేననిపిస్తుంది నాకు.

చాపరాయి దగ్గర నీరు పెద్ద జలపాతంలాగా దూకదు. చాప పరచినట్టున్న వెడల్పయిన రాతి మీద జారుతూ పోతుంది. చూడడానికి పిల్లలు ఆడుకొనే జారుడుబల్ల మాదిరి. అందుకే మోసపోతారు. తడిసిన రాతి మీద కంటికి కనిపించని నాచు ఉంటుంది. ఫోటో తీసేవాడు కెమెరాలోకి చూస్తూ వెనక్కి అడుగు వేస్తాడు. తీయించుకొనేవాడు నవ్వుతూ వెనక్కి అడుగు వేస్తాడు. ఇద్దరిలో ఎవరికీ కాలి కింద ఏమున్నదో తెలియదు. ఇద్దరూ పొడిరాతి మీద నిలబడిన తరువాతనే కెమెరా సంచీలో నుంచి బయటికి రావాలి. నీటి ఫోటో తీయాలంటే చోళ్ళసంచీ ఉన్నది గదా, గట్టు మీద పెట్టి, అర సెకను కన్ను తెరిచి ఉంచితే నీరు పాలపొంగులాగా వస్తుంది.

ఒకవేళ కెమెరా నీటిలో పడితే? వెంటనే బ్యాటరీ, కార్డు తీసివేయాలి. పనిచేస్తున్నదో లేదో చూద్దామని మీట నొక్కరాదు. మెత్తని గుడ్డతో అద్ది, నీడలో గాలి తగిలేచోట రెండు మూడు రోజులు ఆరనివ్వాలి. బియ్యపు డబ్బాలో పూడ్చిపెట్టమని కొందరు చెబుతారు. బియ్యం గాలి కంటె గొప్పగా ఏమీ పీల్చదు సరికదా, దాని పిండి సందుల్లోకి పోతుంది.

కటకం తుడవడానికి పాత పంచె గుడ్డ ఉతికినది ఒకటి చాలు. అయితే తుడిచేముందు దుమ్మును ఊదివేయాలి. దుమ్ములో ఇసుక రేణువులుంటాయి, రుద్దితే గీతలు పడతాయి. నోటితో ఊదితే తుంపరలు పడతాయి కాబట్టి చిన్న రబ్బరు బుడ్డి ఉంటే మంచిది. గొడుగు, పొడుగుచేతుల చొక్కాలు, దోమతెర వగైరాల సంగతి పెద్దలు చూసుకొంటారు. మన్యంలో మలేరియా ఉన్నది, వాటిని మరిచిపోవద్దు.

ఇంతవరకు చెప్పినవన్నీ కెమెరా కోసం. ఇంకొక వస్తువున్నది. దానిని ఏ కెమెరా దుకాణంలోనూ అమ్మరు. ఒక చిన్న నోటుపుస్తకం, పెన్సిలు.

డుంబ్రిగుడ సంతకు వెళితే మీకు కన్నులపండుగ. పసుపు కొమ్ములు, పిప్పళ్ళు, చింతపండు, అడ్డాకులు, కొండచీపుళ్ళు, అనాసపళ్ళు. వాటి వెనుక ముక్కుకు మూడు పుడకలు పెట్టుకొన్న ముసలమ్మ ఎవరైనా కూచుని ఉంటే, కెమెరాలన్నీ ఆమె వైపే తిరుగుతాయి. ఎవరూ అడగరు. పసుపు కొనను కూడా కొనరు. ఫోటో తీసుకొని వెళ్ళిపోతారు. మా బడిలో చదివిన ఒక పిల్లవాడి మామ్మ అలా సంతలో ఎన్నో ఏళ్ళు పిప్పళ్ళు అమ్మింది. ఎందరు ఆమె ఫోటో తీశారో లెక్క లేదు. ఆమె పోయిన తరువాత, పటం కట్టించి గోడకు పెట్టుకొందామని ఇంటివాళ్ళు వెతికితే, ఆధార్ కార్డు మీద గోరంత బొమ్మ తప్ప ఇంట్లో ఒక్క ఫోటో లేదు. పిల్లవాడు ఆ కార్డు నా దగ్గరికి తెచ్చి, "దీన్ని పెద్దది చేయవచ్చునా మాస్టారూ?" అని అడిగాడు. పెద్దది చేయించాము. ముఖం చెదిరిపోయి, గళ్ళు గళ్ళుగా వచ్చింది. బొమ్మ అంటే గళ్ళలోని అంకెలేనని చెప్పాను గదా! లేని గళ్ళను ఎక్కడి నుంచి తెస్తాము? పేరు తెలియని ఊళ్ళలో, ఎవరెవరి కార్డులలోనో, ఆమె నవ్వుముఖాలు ఎన్నో ఉండి ఉంటాయి.

అందుచేత ముందు మాట్లాడండి. "మామ్మా, పసుపు ఎంత?" అని మొదలుపెట్టండి. కొండ మీద ఆదివాసీ ఒడియా, కువి మొదలైన భాషలు మాట్లాడేవారున్నా, సంతలో తెలుగు తెలిసినవాళ్ళు ఎక్కువ. "ఒక ఫోటో తీసుకోమా?" అని అడగండి. వద్దంటే వద్దే. చేత్తో ముఖం అడ్డం పెట్టుకొన్నా వద్దన్నట్టే. థింసా ఆడే అక్కలను అడిగినా, బడిపిల్లలను అడిగినా ఇదే పద్ధతి. పిల్లల ఫోటో అయితే వాళ్ళ అమ్మానాన్నలను కూడా అడగాలి. సరేనంటే తీసి, వెంటనే కెమెరా వెనుక అద్దంలో చూపించండి. ఆ నవ్వు మొదటి నవ్వు కంటె బాగుంటుంది. కావాలంటే అప్పుడు రెండోది తీయండి. తరువాత నోటుపుస్తకం తీసి పేరు, ఊరు, పంచాయతీ, పిన్ కోడు అడిగి రాసుకోండి. ఆమెకు పిన్ కోడు తెలియకపోతే పక్కన ఎవరో ఒక బడిపిల్ల తప్పక ఉంటుంది, ఆ పిల్ల చెబుతుంది. పేరు పక్కనే ఫోటో నంబరు వేసుకోండి. లేకపోతే ఇంటికి వచ్చాక ఏ పేరు ఎవరిదో తెలియక తికమక పడతారు.

ఇంటికి వచ్చిన మరునాడే ఫోటోలను కంప్యూటరులోకి ఎక్కించండి. కార్డు తుడిచేముందు ఇంకొకచోట కూడా ఒక నకలు ఉంచండి. చోళ్ళసంచీ కుట్లు విప్పి, చోళ్ళు కడిగి అమ్మకు ఇస్తే అంబలి కాస్తుంది. నోటుపుస్తకంలోని పేర్లకు ఫోటోలు కాగితం మీద వేయించండి. ఒక్కొక్కదానికి టీ ఖరీదుకు మించదు. కవరులో పెట్టేటప్పుడు ఫోటోకు అటూ ఇటూ రెండు అట్టముక్కలు పెట్టాలి. లేకపోతే తపాలాముద్ర దెబ్బకు మడత పడుతుంది. వానలు మొదలుకాకముందే పంపించండి. వానాకాలంలో కొండదారుల మీద ఉత్తరాలు తడుస్తాయి. అట్టముక్కలతో సహా ప్లాస్టిక్ కవరులో పెట్టి, ఆ పైన తపాలా కవరులో పెడితే ఇంకా మంచిది. నోరు గట్టిగా మూసుకొనేది మీ సంచీలో ఒకటి ఉండనే ఉన్నది.